గొంతు దాగిన తొర్ర

తాను పట్టుకున్నది తీగ కాదని రాజకుమారి నాదవల్లికి తెలిసేసరికి అది తల తిప్పి ఆమె ముఖంలోకి చూసింది.

పచ్చటి ఒళ్ళు, పసుపుపచ్చ కళ్ళు, వేలెడేసి కోరలు! కాళ్ళ కింద చూస్తే నేల కనబడదు, ఆకుల మీద ఆకులు, వాటి కింద చీకటి. ఇంకొకరైతే కెవ్వున అరిచేవారే. పాపం, నాదవల్లికి ఆ భాగ్యం కూడా లేదు. నోరు తెరిచింది గాని గాలి తప్ప మరేమీ రాలేదు. పాము మెడ వెనక్కు లాగి విసురుగా కాటు వేయబోయింది. నాదవల్లి చటుక్కున తల వంచి, పైనున్న అసలు కొమ్మను అందుకుని, రెండు కాళ్ళూ ఎగరవేసి దాని మెడ మీద ఒక్క తన్ను తన్నింది. పాము పట్టు తప్పి, ఆకుల మధ్య నుంచి జారుతూ జారుతూ కంటికి కనబడకుండా పోయింది. అది నేలకు తగిలిన చప్పుడు ఎంతసేపటికీ వినిపించలేదు.

పై కొమ్మ మీద బాసింపట్టు వేసుకుని, అడవి పనసతొన నములుతూ కూర్చున్న బూరుగమ్మ కిందికి తొంగిచూసింది.

"బావున్నాది బాబూ, బావున్నాది! తీగనుకోని పాముని పట్టినోల్లని సానామందిని సూసినాను గానీ, పట్టి తన్నినోల్లని ఇదే సూడ్డం. ఈపాలి పట్టేముందు ఓపాలి గిల్లి సూడు. తీగైతే ఊరుకుంటాది."

నాదవల్లి ఆమెకు దణ్ణం పెడుతున్నట్టు చేతులు జోడించి, ఆ జోడించిన చేతులతోనే పిడికిలి బిగించి చూపించింది. బూరుగమ్మ కొమ్మ ఊగేటట్టు నవ్వింది.

రాజకుమారి చెట్లు పట్టుకుని వేలాడడమేమిటి, ఆమెను ఎవరో "బాబూ" అనడమేమిటి అని అడిగేవారికి రెండు ముక్కల్లో చెప్పాలి.

మణిఘంటాపురం కోటకు రెండు తలుపులు. వెలికోటకు ఒకటి, లోకోటకు ఒకటి. వాటికి తాళాలు లేవు, గడియలు లేవు. పట్టానికి రావలసిన బిడ్డ గొంతు వింటే తెరుచుకుంటాయి, ఆ గొంతు వింటేనే మూసుకుంటాయి. రాజుగారికి నాదవల్లి ఒక్కతే కూతురు కనుక ఆ తలుపులు ఆమె మాటకే కదిలేవి. ఈ సంగతి ఘర్ఘరుడనే మాంత్రికుడు పసిగట్టాడు. వాడి గొంతు రాతి మీద రంపం లాగినట్టు ఉంటుంది, అందుకే ఆ పేరు. సన్యాసి వేషంలో వచ్చి, "తల్లీ, నీ పాట విని తరిస్తాను" అని బతిమాలి, ఆమె నోరు తెరవగానే గొంతును ఎండు సొరబుర్రలోకి లాగేసుకుని మాయమయ్యాడు. దాన్ని తెచ్చి ఈ నిత్యవర్షారణ్యంలో ఒక తొర్రకప్ప పీకలో దాచాడు.

ఆ కప్ప తన తొర్రలో పిల్లలను కాపలా కాస్తోంది. ఆ పిల్లల తోకలు ఊడేలోపు గొంతు తిరిగి రాకపోతే అది ఇక ఎప్పటికీ కప్పదే. అప్పుడు ఘర్ఘరుడు కప్పను జోలెలో వేసుకుపోయి కోట ముందు కూయిస్తే చాలు, తలుపులు బార్లా తెరుచుకుంటాయి. బయట వాడి సేన కత్తులు నూరుకుంటోంది. లోపల ముసలి రాజు, ఊరు ఊరంతా.

గొంతు తెచ్చినవాడికి పిల్లనిస్తానని రాజుగారు చాటింపు వేయించారు. రాజకుమారులు గుంపులు గుంపులుగా బయలుదేరారు. తన గొంతు ఇంకొకడి జోలెలో తిరిగి రావడం నాదవల్లికి బొత్తిగా నచ్చలేదు. సాంబ్రాణి వర్తకుడి కొడుకులా తలపాగా చుట్టి, పెట్టుడు మీసం అంటించి, రాత్రికి రాత్రి కోటగోడ మీద నుంచి తాడు పట్టుకుని దిగి తానే బయలుదేరింది. అడవి అంచున ఒక తాపసి ఆమెను చూసి అసలు కిటుకు చెప్పాడు. గొంతు పోగొట్టుకున్నవారే రావాలి, కప్ప కూస్తుండగా ఇది నాదే అని మనసారా ఒప్పుకుని తొర్రకు నోరు ఆనించాలి. ఒప్పుకోలులో రవ్వంత తేడా ఉన్నా గొంతు కదలదు. అంత చెప్పి ఆమెను బూరుగమ్మకు అప్పగించాడు.

"ఓస్, ఇంతేనా!" అనుకుంది నాదవల్లి. తన గొంతును తాను పోల్చుకోలేదా? ఆస్థాన కవి ఆమె పాట విని, కోకిలలు సిగ్గుపడి ఊరు విడిచి వలసపోతున్నాయని పద్యమే చెప్పాడు కదా!

నిత్యవర్షారణ్యం! అక్కడ వాన ఆగదు, ఆగినా ఆకులు ఆగనివ్వవు. నేల మీద మిట్టమధ్యాహ్నం కూడా సంజవేళలా ఉంటుంది. ఆ మసకలో నుంచి మహావృక్షాలు లేచి, పందిరి మీద పందిరి వేసి, ఆ పందిళ్ళ మీద ఇంకో అడవినే మోస్తున్నాయి. కొమ్మల సందుల్లో నాచు పరుపులు, ఆ పరుపుల మీద ఊదా, కుంకుమ, గంధం రంగుల్లో విరగబూసిన పూలు. దొప్పల్లా ముడుచుకున్న ఆకుల్లో నిలిచిన నీళ్ళు. ఆ నీళ్ళలో దోమపిల్లలు, వాటిని తినే తూనీగపిల్లలు, వాటిని తినే చిట్టి పీతలు. నేల మొహం చూడకుండానే పుట్టి, పెరిగి, పెళ్ళాడి, పోయే ప్రాణులు అక్కడ కోటానుకోట్లు.

బూరుగమ్మ జాతివారైన మాకువాసులూ అటువంటివాళ్ళే. మాకు అంటే వాళ్ళ మాటలో చెట్టు. వాళ్ళు నేల తొక్కరు. పిల్ల మొదటి అడుగు కొమ్మ మీదే వేయాలి, ముసలమ్మ ఆఖరి నిద్ర కొమ్మ మీదే పోవాలి. పులికి భయపడరు, పిడుగుకు భయపడరు. వాళ్ళ భయమంతా ఒక్క ఉప్పుకే. కప్ప నోటితో నీళ్ళు తాగదు, ఒంటితో తాగుతుంది. ఉప్పు అంటిన చెయ్యి తగిలితే గిలగిలా కొట్టుకుని చస్తుంది. కప్పలు పోతే దోమలు లేస్తాయి, దోమలు లేస్తే ఊరు లేచిపోతుంది. అందుకే జలగల భయంతో నడుముకు ఉప్పుమూట కట్టుకుని వచ్చే నేల మనుషులను పట్టి, మూట విప్పించి, వాననీళ్ళతో ఒళ్ళు రుద్దించి గాని బూరుగమ్మ మొదటి కొమ్మ ఎక్కనివ్వదు.

నాదవల్లికి కూడా ఆ మర్యాద జరిగింది. సాంబ్రాణి వర్తకుడి కొడుకు గుట్టు ఆ రుద్దుడులోనే బయటపడింది. అయినా బూరుగమ్మ ఏమీ ఎరగనట్టు "బాబూ" అనే పిలుస్తోంది. నాదవల్లి కూడా ఏమీ బయటపడనట్టే మీసం మెలేస్తోంది. వానకు ఆ మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది.

"అదిగో బాబూ, ఎయ్యితొర్రల మాను!"

నాదవల్లి తల ఎత్తింది. ఎత్తిన తల దించలేకపోయింది. ఒక చిన్న ఊరు పట్టేంత బోదె. దాని పొడుగునా, కొమ్మకొమ్మనా తొర్రలే. వాన అందుకోగానే ఆ తొర్రలన్నీ ఒక్కసారి పలికాయి. కీచుగా కొన్ని, బొంగురుగా కొన్ని, గంటల్లా కొన్ని. చెట్టంతా మోగింది! ఆమె పట్టుకున్న కొమ్మ కూడా అరచేతిలో సన్నగా వణికింది. పాము సంగతి, కోట సంగతి మరిచిపోయి నాదవల్లి కళ్ళింతలు చేసుకుని వింది.

బూరుగమ్మ ఆమెను ఒక తొర్ర దగ్గరకు లాగింది. లోపల సగం దాకా నీళ్ళు. నీళ్ళ అంచున గోడకు అతుక్కుని బొటనవేలంత కప్ప. బెరడు రంగు ఒళ్ళు, పెసరబద్దల్లాంటి వేలికొసలు, బంగారు రేకు అద్దినట్టు కళ్ళు. దాని కింద నీళ్ళలో నల్లటి తోకకప్పలు గిలగిలా ఈదుతున్నాయి.

"మా తొర్రకప్ప సొంత పీకతో కుయ్యదు బాబూ. సెట్టు పీకతో కూత్తాది. ఇదిగో, సూడు" అని బూరుగమ్మ వెదురుగొట్టంలోని వాననీళ్ళు తొర్రలోకి వంచింది.

నీటి మట్టం పెరిగింది. కప్ప కూత తడబడింది. కాస్త పైకి, కాస్త కిందికి, మళ్ళీ కాస్త పైకి పోయి వెతుక్కుంది. బిందె నిండేకొద్దీ చప్పుడు సన్నబడినట్టు ఆ కూత కూడా సన్నబడి, సన్నబడి, ఒక చోట ఠక్కున అతికింది. అంతే, బోదె ఖంగుమంది!

"తొర్ర ఎంత కాళీగా ఉన్నాదో అంత లోతుగా కూత్తాది. నిండితే పైకెక్కుతాది. ఏ మానులో ఎన్ని నీల్లున్నాయో మావోల్లు ఇని సెప్పేత్తారు. మరి నీ గొంతు ఏ తొర్రలో ఉన్నాదో నువ్వు ఇని సెప్పు."

చెప్పడమేమిటి, నాదవల్లి అప్పటికే ఎగబాకుతోంది! తియ్యగా కూసే కప్పలను వెతికి పట్టుకుంది. వెండిగంటలా మోగే కప్ప ఒకటి దొరికింది. ఇదే, ఇదే నేను! తొర్రకు నోరు ఆనించింది. నోట్లోకి నాచు వచ్చింది గాని గొంతు రాలేదు. ఇంకా పై కొమ్మన వేణువులాంటి కప్ప. ఆనించింది. చీమ కుట్టింది. ఆ పైన ఇంకొకటి, అమృతమే! ఊహూఁ.

"అదేటో గానీ, అందరూ అలాటి కప్పల దగ్గరకే పోతారు" అంది బూరుగమ్మ కింద నుంచి. "నీకు ముందు వొచ్చిన రాజుల పిల్లలు కూడా అంతే. రాకుమారి గొంతు తేనెంట, పాలంట, మీగడంట అనీసి తియ్యటి కప్పల్నే ఏరుకోని పోయినారు. ఒకడు ఇప్పటికీ ఇంట్లో గిన్నెలో ఎట్టుకోని దాన్నే రాకుమారీ అని పిలుత్తన్నాడంట."

నాదవల్లి విసుగ్గా చెయ్యి విసిరి పక్కకు జరిగింది. సరిగ్గా అప్పుడు ఆమె చెవి పక్కనున్న తొర్రలో నుంచి ఒక కూత వెలువడింది.

దాన్ని ఎలా చెప్పాలి? పైకి పోవలసిన చోట కిందికి పోయింది, కిందికి రావలసిన చోట పక్కకు పోయింది. చుట్టుపక్కల కప్పలు నాలుగు టక్కున నోళ్ళు మూసుకున్నాయి. బూరుగమ్మ రెండు చెవుల్లో వేళ్ళు దూర్చుకుంది.

"అమ్మో, మల్లీ మొదలెట్టినాది! దీని దుంపతెగ, గత అమాస కాడి నుండి మాకు నిద్దర నేదు. ఎన్ని నీల్లు పోసినా, ఎన్ని తోడినా సరే, దీని కూత తొర్రకి అతకనే అతకదు. తొర్ర ఓ దారి, ఇది ఓ దారి!"

నాదవల్లికి నవ్వు ఆగలేదు. చప్పుడు లేని నవ్వుతో కడుపు పట్టుకుని కొమ్మ మీద మెలికలు తిరిగింది. అప్పుడు కప్ప కూత ఆపి, గొంతు సవరించుకుని, ఒక పాట ఎత్తుకుంది.

"గున్నా గున్నా గుమ్మడిపండూ, గునగున రావే చెరుకుల తోటకు..."

నవ్వు ఉన్నచోటనే ఆగిపోయింది.

అది ఎవరూ రాసిన పాట కాదు. చిన్నప్పుడు తన ఏనుగుగున్న కోసం నాదవల్లి తానే కట్టుకున్న పాట. ఆ మాటలు లోకంలో ఆమెకు, ఆ గున్నకు తప్ప ఇంకెవరికీ తెలియవు.

కాదు! ఇది కాదు! మాంత్రికుడు పాడుచేశాడు, కప్ప పాడుచేసింది, వానకు చెడిపోయింది! ఆమె తల అడ్డంగా ఊపింది. ఊపుతూండగానే, ఎన్నడూ పట్టించుకోని సంగతులన్నీ ఒకదాని వెనుక ఒకటి వచ్చి మీద పడ్డాయి. ఆమె పాట ఎత్తుకోగానే సంగీతం పంతులుగారికి ప్రతిరోజూ సంధ్యావందనం వేళ ఎందుకు మించిపోయేది? మేడ మీది చిలుకలు పంజరంలో ఆ చివరకు ఎందుకు పోయి కూర్చునేవి? ముసలి దాది, చలిగాలమ్మా అంటూ ఎండాకాలంలో చెవుల్లో దూది ఎందుకు పెట్టుకునేది? కోకిలలు ఊరు విడిచిపోయిన మాట నిజమే. సిగ్గుపడి మాత్రం కాదు!

సభ సభంతా తన ముందు ఆహా ఓహో అని తల ఊపింది. ఒక్కరంటే ఒక్కరు నిజం చెప్పలేదు. నాదవల్లికి ఒళ్ళు భగ్గుమంది, ఆ వెంటనే చెప్పలేనంత సిగ్గు ముంచుకొచ్చింది.

ఆ క్షణంలోనే వెయ్యితొర్రల మాను మూగబోయింది. వెయ్యి కప్పలు ఒక్కసారిగా ఊపిరి బిగబట్టాయి. పై పందిరి చీలింది. తెరచాపలంత రెక్కలతో ఒక మహా గబ్బిలం ఆకులను చీల్చుకుంటూ దిగింది. దాని మెడ మీద, ఎర్రని జడలు గాలికి ఎగురుతుండగా ఘర్ఘరుడు!

"ఓసి మూగపిల్లా!" ఆ గరగర శబ్దానికి బెరడు పెచ్చులు రాలాయి. "వర్తకుడి వేషం వేస్తే ఘర్ఘరుడి కళ్ళు కప్పగలననుకున్నావా? దేశదేశాల వీరులంతా తియ్యని కప్పలను పట్టుకుని ఊళ్ళకు పోయారు. ఇది నీ గొంతని నువ్వు మాత్రం ఒప్పుకుంటావా? ఒప్పుకోలేవు! నీ గొంతు నువ్వు ఏనాడు విన్నావు గనక! నువ్వు విన్నదంతా భట్రాజుల పొగడ్తే!"

"సూడు, లోపలికి సూడు!" బూరుగమ్మ కేక పెట్టింది. నాదవల్లి తొర్రలోకి చూసింది. తోకకప్పలకు ముందుకాళ్ళు వచ్చేశాయి. తోకలు అరిగి అరిగి నువ్వుగింజంత మిగిలాయి. ఒకటి అప్పుడే తొర్రగోడ ఎక్కడానికి కాలు చాచింది.

గబ్బిలం తిరిగి వచ్చింది. దాని గోరు తగిలి నాదవల్లి తలపాగా ఎగిరిపోయింది, జడ వీపు మీద పడింది. బూరుగమ్మ పిట్టలు పట్టే పనసబంక ముద్దను వడిసెలలో పెట్టి గిరగిరా తిప్పి వదిలింది. అది పోయి ఘర్ఘరుడి గడ్డాన్ని, గబ్బిలం జూలును కలిపి అతికించింది.

"ఓరి నీ గడ్డం కాల! మా మాను మీదకొత్తావురా?" ఇంకో ముద్ద తీస్తూ బూరుగమ్మ గొంతు చించుకుని అరిచింది. "నాను ఈడిని సూత్తాను. నువ్వు కానీ, కానీ!"

నాదవల్లి తొర్ర మీదకు వంగింది. ఎదురుగా కప్ప. దాని నోట తన గొంతు. ఎంత అడ్డదిడ్డంగా, ఎంత మొండిగా ఉంది! కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. రెప్ప చివర ఒక చుక్క వేలాడింది.

"ఏడవకు తల్లీ!" బూరుగమ్మ పొలికేక వేసింది. బాబూ అనడం ఆ కంగారులో మరిచిపోయింది. "కన్నీల్లలో ఉప్పున్నాది! ఒక్క సుక్క పడితే పిల్లలన్నీ పోతాయి, దాంతోపాటే నీ గొంతూ పోతాది!"

నాదవల్లి చివాలున తల వెనక్కు విరిచింది. కన్నీటి చుక్క చెంప మీదుగా జారి వానలో కలిసింది. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని ఆకాశానికి చూపింది. వాన వచ్చి ఉప్పంతా కడిగింది. పక్కన గబ్బిలం రెక్కల చప్పుడు, బూరుగమ్మ తిట్లు, మాంత్రికుడి పెడబొబ్బ. వాటి మధ్య నుంచి ఆ పాట, ఏ మాత్రం జంకు లేకుండా, మళ్ళీ మొదటికి వచ్చింది.

"గున్నా గున్నా గుమ్మడిపండూ..."

ఈ పాట వినగానే గున్న ఏం చేసేది? ఎక్కడున్నా చెవులు విప్పుకుని, తోక ఎత్తుకుని, కుండలు తన్నుకుంటూ పరుగెత్తుకొచ్చేది! దానికి రాజుగారి భయమా, కానుకల ఆశా? ఈ గొంతు వినే వచ్చేది. కోట తలుపులు మాత్రం? తెరుచుకోమంటే తెరుచుకునేవి. అవి ఏనాడూ శ్రుతి అడగలేదు.

ఇది నాదే, అనుకుంది నాదవల్లి. వంకరైతే వంకర. అచ్చంగా నాదే. ఇంకెవరికీ ఇవ్వను!

ముఖం మీద ఉప్పు లేదని మరోసారి వానలో తుడుచుకుని, తొర్రకు నోరు ఆనించింది.

గొంతులోకి చల్లగా, జారుడుగా ఏదో దిగింది. మెడ నరాలన్నీ ఝల్లుమన్నాయి. తొర్రలో కప్ప రెండుసార్లు రెప్పలు కొట్టి, నోరు తెరిచి, బెరుగ్గా కూసింది. కాస్త పైకి, కాస్త కిందికి, ఇంకాస్త పైకి. వెతుక్కుంది, వెతుక్కుంది, ఠక్కున దొరికింది! బోదె ఖంగుమని మోగింది. ఎన్నాళ్ళకో తన చెట్టు పీక తనకు దొరికిన కప్ప సంబరమది. దాని పక్కనుంచి తోక ఊడిన మొదటి పిల్ల పాకుతూ తొర్ర అంచు ఎక్కి కూర్చుంది.

"బూరుగమ్మా!"

అడవిలో ఆ పిలుపు విని ముందుగా ఉలిక్కిపడింది నాదవల్లే. తన గొంతు! వచ్చింది! ఆమె కొమ్మ మీద ఎగిరి గంతేసింది.

ఈలోగా ఘర్ఘరుడు గడ్డం పీక్కుని, గబ్బిలాన్ని తిప్పి, బాణంలా ఆమె మీదకు తోలుకొస్తున్నాడు. గబ్బిలానికి దారి చూపేవి కళ్ళు కావు, చెవులు. అది తెలిసి చేసిందో, పట్టలేని ఆనందంతో చేసిందో గాని, నాదవల్లి రెండు చేతులూ చాచి, గుండెల నిండా గాలి పీల్చి పాట ఎత్తుకుంది.

"గున్నా గున్నా గుమ్మడిపండూ!"

గబ్బిలం చెవులు అటొకటి ఇటొకటి తిరిగాయి. దానికి కొమ్మ ఉన్నచోట ఖాళీ, ఖాళీ ఉన్నచోట కొమ్మ వినిపించి ఉండాలి. ఒక పిల్లిమొగ్గ వేసింది, ఒక బోదెను గుద్దుకుంది, తీగల గుంపులో పడి తలకిందులైంది. ఘర్ఘరుడు దాని మెడ మీద నుంచి జారి, కొమ్మ నుంచి కొమ్మకు పడుతూ, కింది పందిరిలో ఊడల మధ్య చిక్కుకుని లోలకంలా ఊగాడు.

"నవ్వుకో, నవ్వుకో!" అని అక్కడి నుంచే కూశాడు. "ఆ కప్ప పోతే పోయింది! నిన్ననే దానిచేత తెరుచుకో అనిపించి, ఆ ఒక్క మాటనూ శంఖంలో పట్టి, మంత్రపు పడవలో ఏటి దారిన శిష్యుడి చేత పంపాను. శంఖం ఒక్కసారే పలుకుతుంది, వెలికోటకు అది చాలు. పొద్దు గుంకేసరికి నా సేన నీ ఊరి వీధుల్లో ఉంటుంది. నడిచి పో రాజకుమారీ, పదిరోజుల దారి!"

నాదవల్లి నవ్వు మాయమైంది. వెలికోటలోనే ఊరంతా ఉంది. తలుపు తెరుచుకున్నా, మూసుకో అని అరిచే గొంతు ఒక్కటే, అది ఇక్కడ చెట్టు మీద ఉంది! సూర్యుడు అప్పటికే నడినెత్తి దాటాడు.

ఆమె చుట్టూ చూసింది. తీగల్లో చిక్కుకున్న గబ్బిలం భయంగా చెవులు ముడుచుకుంది. నాదవల్లి మారు ఆలోచించలేదు. ఊడ పట్టుకుని ఊగి దాని మెడ మీదకు దూకింది. బొడ్డులోని చురకత్తి లాగి తీగలు టపటపా కోసింది.

"బూరుగమ్మా, ఎక్కు!"

బూరుగమ్మ చేతిలోని బంకముద్ద జారిపోయింది. "నానా? మా వోల్లు నేల తొక్కరు తల్లీ!"

"తొక్కమన్నానా? ఎగరమంటున్నాను!"

బూరుగమ్మ కింద చీకట్లోకి ఒకసారి తొంగిచూసింది. తర్వాత చీర గోచీ బిగించి, వెయ్యితొర్రల మానుకు దణ్ణం పెట్టుకుని, "ఈ ముక్కా నిజమే" అంటూ వెనుక వచ్చి కూలబడింది. గబ్బిలం రెక్కలు విప్పింది. కుడిచెవిలో పాడితే భయపడి ఎడమకు తిరిగింది. ఎడమచెవిలో పాడితే కుడికి తిరిగింది. కళ్ళెం అవసరమే లేకపోయింది! ఆకులు చీలాయి, వాన చీలింది, ఒక్క ఊపుతో పందిళ్ళన్నీ దాటి, వానమబ్బు అంచు దాటి పైకి లేచేసరికి కళ్ళు చెదిరే ఎండ. కింద అడవి పచ్చటి సముద్రంలా పరుచుకుని ఉంది. ఎక్కడో దూరాన ఏరు, ఆ ఏటి మీద చుక్కంత పడవ. ఆ పడవలో తెల్లగా ఏదో మెరిసింది.

"శంఖం! అదిగో!" నాదవల్లి గబ్బిలం డొక్కలో మడమలు తాటించింది. గాలి చెవుల్లో హోరుమంది. అంత హోరులోనూ ఆమె తల వెనక్కు తిప్పి అరిచింది. "బూరుగమ్మా! నిజం చెప్పు. నా పాట ఎలా ఉంది?"

బూరుగమ్మ చెవుల్లో కుక్కుకున్న ఆకులు తీసి, రాజకుమారి నడుమును గట్టిగా వాటేసుకుని చెప్పింది.

"అస్సలు బావునేదు తల్లీ!"

నాదవల్లి ఒళ్ళంతా పులకరించింది. పుట్టి బుద్ధెరిగాక తన పాట గురించి ఒకరు నిజం చెప్పడం ఇదే మొదలు. ఆనందం పట్టలేక ఫక్కున నవ్వి, ఇంకా పెద్ద గొంతుతో పాట అందుకుని, గబ్బిలాన్ని పడవ మీదకు దూకించింది.